మెదడులో గడ్డ ఉందని రిపోర్టు వస్తే ఏం చేయాలి: స్కానింగ్ సెంటర్ నుంచి రేడియేషన్ దాకా

"అన్నా, బాపుకు ఎమ్మారై తీసిండ్రు. రిపోర్టుల ఎస్‌వోఎల్ అని రాసిండ్రు. అది క్యాన్సరేనా?" వరంగల్, జనగామ, భూపాలపల్లి వైపు నుంచి నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. దాని వెంటే ఇంకో రెండు వస్తాయి: "హైదరాబాద్ పోవాల్నా, ఈడనే చూపించాల్నా?", "తల ఆపరేషన్ చేస్తే మనిషి దక్కుతడా?" ఫోన్లో ఒక్కొక్కరికి చెప్పేదంతా ఒకచోట రాస్తే పదిమందికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. నేను డాక్టర్‌ను కాను. మా ఇంట్లో ఈ జబ్బు చూసినప్పటి నుంచి, ఇలాంటి కుటుంబాల వెంట ఆస్పత్రులకు వెళ్తున్న మనిషిని. వైద్యం డాక్టర్లు చేస్తారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళేలోపు, వెళ్ళొచ్చాక ఇంట్లోవాళ్ళు చేయాల్సిన పని చాలా ఉంటుంది. ఇక్కడ రాసింది ఆ పని గురించే.

ముందే ఒక మాట చెప్తాను. రిపోర్టు వచ్చిన రాత్రే పొలం బేరం పెట్టకండి, మిత్తికి అప్పు తేకండి. ఎమ్మారై రిపోర్టు ఒక అనుమానం మాత్రమే. అది ఏ జబ్బో, ఎంత దూరం వెళ్ళిందో తేలేది తర్వాత.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- జిప్ ఉన్న ఫైలు ఒకటి. అన్ని కాగితాలూ దాంట్లోనే, తేదీల వరుసలో ఉండాలి.
- ఎమ్మారై, సీటీ ఫిల్ములు, రిపోర్టు, వాటితోపాటు స్కాన్ సీడీ. సీడీ గురించి కింద చెప్తాను, దీన్ని మాత్రం మర్చిపోవద్దు.
- రోగి ఆధార్, రేషన్ కార్డు, రెండింటివీ ఐదారు జిరాక్సులు. ఆధార్‌లో, రేషన్ కార్డులో పేరు ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి.
- వంద పేజీల నోట్‌బుక్. మందులు, ఫిట్స్, ప్రశ్నలు అన్నీ ఇందులోనే రాయాలి.
- షుగర్ చూసే చిన్న మిషన్. ఎందుకో మందుల దగ్గర తెలుస్తుంది.
- డాక్టర్‌తో మాట్లాడే మనిషి ఒక్కరు. ఐదుగురు వెళ్ళి ఐదు రకాలుగా విని వస్తే ఇంటికొచ్చాక గొడవలే మిగులుతాయి.

1. ముందు ఇది ఆగే కేసా, ఆగని కేసా తేల్చుకోండి

వీటిలో ఏది కనిపించినా రేపటి దాకా ఆగకండి, 108కి ఫోన్ చేయండి:

- మనిషి మత్తుగా ఉండి, పిలిస్తే సరిగ్గా పలకకపోవడం
- తలనొప్పి రోజురోజుకీ పెరుగుతూ, దాంతోపాటు ఆగని వాంతులు
- ఫిట్ ఐదు నిమిషాలు దాటినా ఆగకపోవడం, లేదా తెలివి రాకముందే ఇంకోటి రావడం
- ఒకవైపు చెయ్యి, కాలు ఉన్నట్టుండి పడిపోవడం, మాట పోవడం
- చూపు ఉన్నట్టుండి మసకబారడం

ఇలాంటప్పుడు మంచి ఆస్పత్రి ఏదని వెతుక్కుంటూ హైదరాబాద్ బండెక్కించకండి. సుమారు 150 కిలోమీటర్ల దారిలో మనిషి స్పృహ తప్పితే కారులో ఎవరూ ఏమీ చేయలేరు. వరంగల్‌లో ఎంజీఎం ప్రభుత్వ ఆస్పత్రి గానీ, న్యూరోసర్జన్ ఉన్న ఏ దగ్గరి ఆస్పత్రి గానీ ముందు మెదడులో ఒత్తిడి తగ్గించే ఇంజెక్షన్లు ఇవ్వగలదు. మనిషి నిలబడ్డాక తీసుకెళ్ళొచ్చు.

ఇవేవీ లేకపోతే మీకు కొన్ని రోజుల టైముంది. ఆ రోజులు వాడుకోండి.

2. రిపోర్టు కింద నుంచి పైకి చదవండి

రెండు పేజీల రిపోర్టులో అందరూ మొదటి లైను దగ్గరే ఆగి టెన్షన్ పడతారు. మీరు నేరుగా కిందికి, 'ఇంప్రెషన్' అని ఉన్న దగ్గరికి వెళ్ళండి. స్కాన్ చూసిన డాక్టర్ చెప్పదలుచుకున్నది అక్కడే ఉంటుంది. అందులో మాటలు మామూలుగా ఇలా ఉంటాయి:

*ఎస్‌వోఎల్:* చోటు ఆక్రమించిన ఏదో ఒకటి ఉందని అర్థం. గడ్డ కావచ్చు, చీము కావచ్చు, టీబీ కావచ్చు. ఈ మూడక్షరాలకు క్యాన్సర్ అని అర్థం లేదు.

*ఇంట్రా యాక్సియల్, ఎక్స్‌ట్రా యాక్సియల్:* మొదటిది మెదడు కండ లోపలే ఉన్నది. రెండోది మెదడు బయట, పొరల మీద పుట్టి లోపలికి నొక్కుతున్నది. ఎక్స్‌ట్రా యాక్సియల్ అని ఉండి పక్కన 'మెనింజియోమా' అని రాసి ఉంటే కొంత ఊపిరి పీల్చుకోవచ్చు. అవి ఎక్కువ శాతం క్యాన్సర్ కానివే, మెల్లగా పెరిగేవే.

*ఎడిమా:* గడ్డ చుట్టూ వాపు. చాలాసార్లు తలనొప్పికి, చెయ్యి కాలు బలహీనపడటానికి గడ్డకన్నా ఈ వాపే ఎక్కువ కారణం. అందుకే స్టెరాయిడ్ ఇచ్చిన ఒకట్రెండు రోజుల్లోనే మనిషి తేరుకున్నట్టు కనిపిస్తాడు. దాన్ని చూసి జబ్బు తగ్గిందనుకుని ఊరికి తిరిగి వెళ్ళిపోయిన కుటుంబాలు ఉన్నాయి. వాపు తగ్గింది, గడ్డ అలాగే ఉంది.

*మిడ్‌లైన్ షిఫ్ట్:* మెదడు నడిమి గీత ఒక పక్కకు ఎంత జరిగిందో మిల్లీమీటర్లలో రాస్తారు. ఈ అంకె గానీ, 'హైడ్రోసెఫలస్' అనే మాట గానీ ఉంటే న్యూరోసర్జన్‌కు అదే రోజు చూపించాలి. హైడ్రోసెఫలస్ అంటే మెదడులో నీరు దారి మూసుకుపోయి నిలవ ఉండటం.

*రింగ్ ఎన్‌హాన్సింగ్:* రంగు ఇంజెక్షన్ ఇచ్చాక గడ్డ అంచు ఉంగరంలా వెలిగింది. క్యాన్సర్‌లోనూ ఇలా కనిపిస్తుంది, టీబీ గడ్డలోనూ, చీము గడ్డలోనూ, బద్దెపురుగు (టేప్‌వార్మ్) గుడ్ల వల్ల వచ్చే తిత్తిలోనూ కనిపిస్తుంది.

*డీ/డీ:* దీని తర్వాత రెండు మూడు జబ్బుల పేర్లు ఉంటాయి. ఇది కావచ్చు, అది కావచ్చు అని డాక్టర్ రాసిన వరుస అది. వాటిలో భయంకరమైన పేరొకటి ఏరుకుని గూగుల్‌లో వెతికితే ఆ రాత్రి నిద్ర ఉండదు, పైగా ఉపయోగమూ లేదు.

ఇక సీడీ సంగతి. న్యూరోసర్జన్ ఫిల్మును కిటికీకి ఎదురుగా పట్టుకుని చూస్తే కొంత తెలుస్తుంది. సీడీలో అయితే వందల బొమ్మలు ఒక్కొక్కటీ జరుపుతూ చూడొచ్చు. చాలా స్కానింగ్ సెంటర్లలో అడిగితేనే సీడీ ఇస్తారు. కౌంటర్ దగ్గర అడిగి తీసుకోండి, ఇంటికొచ్చి కంప్యూటర్లో పెట్టి తెరుచుకుంటుందో లేదో చూడండి, కవరు మీద పేరు, తేదీ రాయండి. ఫోన్‌కు లింకు పంపితే అదే రోజు డౌన్‌లోడ్ చేసుకోండి, కొన్ని రోజులకు ఆ లింకు పనిచేయదు. వాట్సాప్‌లో పంపిన ఫిల్ము ఫొటో చూసి ఏ డాక్టరూ ఆపరేషన్ సంగతి చెప్పలేరు, చెప్పకూడదు కూడా.

రంగు ఇంజెక్షన్ లేకుండా తీసిన ఎమ్మారై అయితే మళ్ళీ తీయమంటారు. అందుకే స్కాన్‌కు ముందే డాక్టర్ చీటీలో 'కాంట్రాస్ట్' అని ఉందో లేదో చూసుకోండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు క్రియాటినిన్ రిపోర్టు చూపించాకే ఆ ఇంజెక్షన్ చేయించుకోవాలి.

3. గడ్డ అంటే క్యాన్సరేనా?

మన దేశంలో ఈ ప్రశ్నకు తొందరగా ఔనని చెప్పకూడదు. టీబీ మెదడులో గడ్డ కట్టడం మన దగ్గర అరుదు కాదు. దాన్ని ట్యూబర్‌క్యులోమా అంటారు, నెలల తరబడి టీబీ మందులు వాడితే చాలామందిలో కరుగుతుంది. బద్దెపురుగు తిత్తులకు కూడా మందులున్నాయి. అందుకే ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండిందా, రోగికి చాలా రోజులుగా దగ్గు, సాయంత్రం జ్వరం ఉన్నాయా అని డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పండి.

ఇంకోటి, వేరేచోట పుట్టిన క్యాన్సర్ మెదడుకు పాకడం. ఊపిరితిత్తుల క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్ ఎక్కువగా ఇలా వస్తాయి. మెదడులో ఒకటికన్నా ఎక్కువ గడ్డలుంటే ఛాతీ, పొట్ట సీటీ గానీ పెట్ స్కాన్ గానీ ఎందుకు రాస్తున్నారో దీన్ని బట్టి అర్థం చేసుకోండి. డబ్బు గుంజడానికి రాశారని వాటిని మానేయకండి. మొదలెక్కడో తెలియకుండా వైద్యం మొదలుపెట్టలేరు.

మెదడులోనే పుట్టే గడ్డలకు 1 నుంచి 4 దాకా గ్రేడ్లు ఉంటాయి. 1 మెల్లగా పెరుగుతుంది, 4 వేగంగా పెరుగుతుంది. ఒళ్ళో మిగతా క్యాన్సర్లకు చెప్పే 'స్టేజి' వేరు, ఇది వేరు. "నాలుగో స్టేజట" అని చుట్టాలు చెప్పుకుంటుంటే అది గ్రేడేమో ముందు అడగండి. గ్రేడ్ ఎంతో గడ్డ ముక్క తీసి పరీక్ష చేశాకే తేలుతుంది.

మెదడులోనే పుట్టే ఈ గడ్డల జబ్బు అంటుకోదు. ఒకే గిన్నెలో తిన్నా, పక్కన పడుకున్నా రాదు. పిల్లలను దగ్గరికి రానివ్వకుండా చేసే ఇళ్ళు చూశాను. ఆ మనిషిని అది జబ్బుకన్నా ఎక్కువ కుంగదీస్తుంది. కొన్ని అరుదైన వంశపారంపర్య జబ్బులున్న కుటుంబాల్లో తప్ప ఇది తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చేది కూడా కాదు.

4. ఎవరికి చూపించాలి, ఎక్కడ

మొదట చూపించాల్సింది న్యూరోసర్జన్‌కు. న్యూరో ఫిజీషియన్ ఫిట్స్‌కూ, పక్షవాతానికీ మందులిస్తారు, ఆపరేషన్ చేయరు. బోర్డు మీద 'న్యూరో' అని చూసి వెళ్ళిపోకండి.

వరంగల్‌లో ఎంజీఎం, కాకతీయ మెడికల్ కాలేజీ ఆవరణలోని సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి ఉన్నాయి. హన్మకొండలో ప్రైవేటు న్యూరోసర్జన్లు ఉన్నారు. హైదరాబాద్ వెళ్తే పంజగుట్ట నిమ్స్‌లో న్యూరోసర్జరీ, రేడియేషన్ రెండూ ఉన్నాయి. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి, ఆపరేషన్ తర్వాతి రేడియేషన్‌కు, కీమోకు చాలామందికి ఆధారం. దారిలోనే బీబీనగర్ ఎయిమ్స్ ఉంది. ఎక్కడికైనా సరే, న్యూరోసర్జరీ ఓపీ ఏ రోజు ఉంటుందో ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి. పెద్ద ఆస్పత్రిలో పొద్దున్నే క్యూలో ఉండాల్సిందే.

నా అభిప్రాయం అడిగితే: మెనింజియోమాలాంటి పైపై గడ్డ, మనిషి బాగానే ఉన్నాడు, దగ్గర్లో అనుభవమున్న సర్జన్ ఉన్నారు, అలాంటప్పుడు ఊరికి దగ్గర్లో చేయించుకోవడమే మేలు. గడ్డ లోతుగా ఉన్నా, మాటకో చేతికో సంబంధించిన భాగం పక్కన ఉన్నా, పిల్లల కేసైనా, ఆపరేషన్, ముక్క పరీక్ష, రేడియేషన్ మూడూ ఒకేచోట ఉన్న ఆస్పత్రికి వెళ్ళండి.

రెండో అభిప్రాయం తీసుకోవడంలో తప్పు లేదు, ఏ మంచి డాక్టరూ దానికి కోపం తెచ్చుకోరు. అయితే రెండు చాలు. ఆరుగురి దగ్గరికి తిరిగేలోపు నెల గడిచిపోతుంది. ప్రయాణం చేయలేనివాళ్ళు టాటా మెమోరియల్, నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ డాక్టర్ల అభిప్రాయాన్ని 'నవ్య' అనే ఆన్‌లైన్ సేవ ద్వారా కాగితాలు పంపి తీసుకోవచ్చు.

డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు ఈ ప్రశ్నలు రాసుకుని వెళ్ళి, జవాబులు అక్కడే నోట్‌బుక్‌లో రాసుకోండి:

- గడ్డ మొత్తం తీయగలరా, కొంత తీస్తారా, పరీక్షకు ముక్క మాత్రమే తీస్తారా?
- ఆపరేషన్ తర్వాత మాట, చూపు, చెయ్యి, కాలు దెబ్బతినే అవకాశం ఎంత?
- ఆపరేషన్ చేయకుండా చూస్తూ ఉంటే ఏమవుతుంది?
- ముక్కను ఏ పరీక్షలకు పంపుతారు, రిపోర్టు ఎన్నాళ్ళకు వస్తుంది?
- ఆరోగ్యశ్రీలో ఏవి వస్తాయి, ఏవి మేం కట్టుకోవాలి?

మూడో ప్రశ్న అడగడానికి చాలామంది జంకుతారు. తప్పకుండా అడగండి. కొన్ని చిన్న గడ్డలకు ఆరు నెలలకోసారి స్కాన్ తీసి చూడటమే సరైన వైద్యం.

5. డబ్బు పని, ఆస్పత్రిలో చేరకముందే

తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలకు పెంచారు. మెదడు గడ్డ ఆపరేషన్లు, రేడియేషన్, కీమో ప్యాకేజీలు ఇందులో ఉన్నాయి. ఆస్పత్రి ఆ జాబితాలో ఉందా, ఉంటే న్యూరోసర్జరీకి ఉందా, రేడియేషన్‌కు ఉందా అని విడివిడిగా అడగాలి. ఒకదానికి ఉండి ఇంకోదానికి లేని ఆస్పత్రులుంటాయి. ఆస్పత్రి లోపల ఆరోగ్యమిత్ర కౌంటర్ ఉంటుంది. ముందు అక్కడికి వెళ్ళి కార్డు చూపించండి, తర్వాతే అడ్మిషన్ కౌంటర్‌కు వెళ్ళండి. క్యాష్ పేషెంటుగా చేరిన తర్వాత ఆరోగ్యశ్రీకి మార్చుకోవడం చాలా కష్టం. సందేహాలకు 104 నంబరు ఉంది.

ఆరోగ్యశ్రీ సరిపోకపోతే ముఖ్యమంత్రి సహాయనిధి ఉంది. నిమ్స్‌లాంటి చోట ఆపరేషన్‌కు ముందే ఖర్చు అంచనా కాగితం తీసుకుని ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా ఎల్‌వోసీ (ఖర్చు ప్రభుత్వం కడుతుందనే హామీ లేఖ) తెచ్చుకోవచ్చు. ప్రైవేటులో అయితే ముందు మీరు కట్టుకుని, తర్వాత అసలు బిల్లులతో దరఖాస్తు పెట్టాలి. కాబట్టి మందుల షాపు చీటీ దగ్గర్నుంచి ప్రతి బిల్లూ ఫైల్లో ఉండాలి. సింగరేణి, ఈఎస్ఐ, ప్రభుత్వ ఉద్యోగుల కుటుంబాలకు వేరే దారులున్నాయి, ఆ రిఫరల్ కాగితం లేకుండా బయల్దేరకండి.

క్యాన్సర్ అని తేలాక రైలు రాయితీ వాడుకోండి. వైద్యానికి వెళ్ళే రోగికి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో టికెట్ పూర్తిగా ఉచితం, వెంట వెళ్ళే ఒక్కరికి 75 శాతం తగ్గింపు. ఆస్పత్రి నుంచి రైల్వే ఫారం మీద సంతకం, ముద్ర తీసుకోవాలి. రేడియేషన్ టైములో వరంగల్, కాజీపేట నుంచి తిరిగేవాళ్ళకు ఇది పెద్ద ఊరట.

6. మందులు: ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే

గడ్డ ఉందనగానే చాలామందికి రెండు మందులు మొదలవుతాయి.

ఒకటి డెక్సామెథాసోన్, వాపు తగ్గించే స్టెరాయిడ్. దీన్ని ఉన్నట్టుండి ఆపకూడదు. ఒళ్ళు సొంతంగా తయారుచేసుకునే స్టెరాయిడ్ ఈ గోళీల వల్ల నిద్రపోతుంది. గోళీ ఒక్కసారిగా మానేస్తే బీపీ పడిపోయి మనిషి కుప్పకూలొచ్చు, వాపు తిరిగి రావచ్చు. డాక్టర్ మెల్లమెల్లగా తగ్గించమంటారు. ఆ తగ్గించే లెక్క డిశ్చార్జి కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇంటికి రాగానే నోట్‌బుక్‌లో పెద్దగా రాయండి: తేదీ, పొద్దున ఎన్ని, మధ్యాహ్నం ఎన్ని, వేసుకున్నాక టిక్కు. ఒక్కో రోజుకు ఒక్కో లైను ఉండాలి. ఆ పేజీని ఫ్రిజ్ మీదనో గోడకో అతికించండి.

ఈ గోళీ తిన్నాక వేసుకోవాలి. డాక్టర్ రోజుకు రెండుసార్లు రాస్తే రెండోది రాత్రికి కాకుండా మధ్యాహ్నం వేయొచ్చా అని అడగండి. రాత్రి వేస్తే నిద్ర పట్టదు. షుగర్ లేనివాళ్ళకూ షుగర్ పెరుగుతుంది. వారానికి రెండుసార్లయినా మిషన్‌తో చూసి రాయండి, 200 దాటుతుంటే డాక్టర్‌కు ఫోన్ చేయండి. మొహం ఉబ్బుతుంది, ఆకలి విపరీతంగా అవుతుంది, చిన్నదానికే కోపం వస్తుంది. అది మందు చేసే పని, ఆ మనిషి మారిపోలేదు. నల్లటి మలం వస్తే మాత్రం వెంటనే చూపించండి.

రెండోది ఫిట్స్ మందు, ఎక్కువగా లెవెటిరాసెటమ్. ఫిట్ రాలేదు కదా అని మానేయకండి, మందు వల్లే రాకుండా ఉండొచ్చు. టైము తప్పకూడదు. ఊరికి వెళ్ళేటప్పుడు పది రోజుల మందు ఎక్కువ పెట్టుకోండి, చిన్న ఊళ్ళలో అన్ని షాపుల్లో దొరకదు. దీనికి బదులు ఫెనిటాయిన్ వాడేవాళ్ళు ఒంటిమీద దద్దుర్లు, నోట్లో పుండ్లు వస్తే అదే రోజు డాక్టర్‌కు చెప్పాలి.

ఇక నాటుమందుల సంగతి. గడ్డ కరిగిస్తామని పసరు పోసేవాళ్ళు, పొడి పొట్లాలు ఇచ్చేవాళ్ళు మీ ఇంటికే వస్తారు. కొన్ని పొడుల్లో స్టెరాయిడ్ కలిపి ఉంటుంది, అందుకే రెండు రోజుల్లో గుణం కనిపిస్తుంది. కొన్నిటిలో సీసం, పాదరసం లాంటివి ఉంటాయి. కీమో గోళీలతో కలిపి ఇస్తే లివర్ దెబ్బతినొచ్చు. మొక్కుబడి చెల్లించుకోండి, సమ్మక్క సారక్కకు బంగారం (బెల్లం) ఇచ్చుకోండి, మనసుకు ధైర్యం కావాలి. లోపలికి మింగించేది ఏదైనా డాక్టర్‌కు చూపించాకే.

7. ఫిట్ వచ్చినప్పుడు

ఇంట్లో ప్రతి ఒక్కరికీ, పదేళ్ళు దాటిన పిల్లలకు కూడా నేర్పించండి.

మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తల కింద మెత్తటి బట్ట పెట్టండి. చుట్టూ పొయ్యి, గాజు, మంచం కోడు లాంటివి ఉంటే దూరం చేయండి. గడియారం చూడండి. ఒకరు ఫోన్‌లో వీడియో తీయండి, డాక్టర్‌కు అది వంద మాటలకన్నా ఎక్కువ చెబుతుంది.

చేతిలో తాళాల గుత్తి పెట్టకండి, ఉల్లిగడ్డ వాసన చూపించకండి, పళ్ళ మధ్య చెంచా కుక్కకండి, చేతులు కాళ్ళు గట్టిగా అదిమి పట్టుకోకండి. పూర్తిగా తెలివి వచ్చేదాకా నీళ్ళు పోయకండి. చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగుతాయి, తాళాలు పెట్టడం వల్ల ఆగాయనుకుంటారు. ముక్కులో కొట్టే మిడాజొలామ్ స్ప్రే ఇంట్లో ఉంచుకోవచ్చా అని డాక్టర్‌ను అడగండి. ఆస్పత్రికి దూరంగా ఉన్న ములుగు, ఏటూరునాగారం వైపు వాళ్ళకు ఇది చాలా అవసరం.

బండి నడపడం, బావి దగ్గరికి ఒంటరిగా వెళ్ళడం, మోటారు స్టార్టర్ ముట్టుకోవడం, చెట్టెక్కడం బంద్. బాత్రూం గడియ లోపల నుంచి పెట్టుకోవద్దు.

8. ఆపరేషన్ అయ్యాక: అసలు రిపోర్టు ఇప్పుడే వస్తుంది

ఆపరేషన్ బాగా జరిగిందని సర్జన్ చెప్పగానే పని అయిపోయిందనుకోకండి. తీసిన గడ్డ ముక్కను పరీక్షించి ఇచ్చే బయాప్సీ రిపోర్టే తర్వాతి దారి చెబుతుంది. కుట్లు విప్పించుకుని ఊరికి వెళ్ళి, ఆ రిపోర్టు తెచ్చుకోవడానికి వెళ్ళకుండా ఉండిపోవడం నేను చూసిన తప్పుల్లో అన్నిటికన్నా ఖరీదైనది. గ్రేడ్ 4 గడ్డకు ఆపరేషన్ అయిన నాలుగు నుంచి ఆరు వారాల్లో రేడియేషన్ మొదలుకావాలి. మూడు నెలల తర్వాత తలనొప్పి మళ్ళీ వచ్చి తిరిగి వెళ్ళేసరికి ఆ వారాలు ఉండవు.

డిశ్చార్జి రోజు ఇవి చేతికి వచ్చాయా చూసుకోండి:

- డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్ నోట్స్
- బయాప్సీ రిపోర్టు, లేకపోతే అది వచ్చే తేదీ, తీసుకోవాల్సిన గది
- ఆపరేషన్ తర్వాత రెండు మూడు రోజుల్లో తీసిన స్కాన్, అందులో ఎంత గడ్డ మిగిలిందో
- గడ్డ ముక్కతో చేసిన మైనపు దిమ్మ, స్లైడ్లు ఎక్కడ భద్రపరిచారో, కావాలంటే ఎలా ఇస్తారో

చివరిదాన్ని ఆస్పత్రి వాళ్ళు 'బ్లాక్' అంటారు. అగ్గిపెట్టెలో పట్టేంత ప్లాస్టిక్ గడి, దానిలో మైనం, మైనంలో గడ్డ ముక్క. వేరే ఆస్పత్రికి మారితే దాంతోనే మళ్ళీ పరీక్ష చేస్తారు, తల మళ్ళీ తెరవక్కర్లేదు. ఎండలో, కారు డాష్‌బోర్డు మీద పెట్టకండి. ఆస్పత్రి కాగితాలు ఇవ్వడానికి సతాయిస్తే రాతపూర్వకంగా అడగండి. మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి.

బయాప్సీ రిపోర్టులో ఐడీహెచ్, ఎంజీఎంటీ, 1పీ/19క్యూ అనే మాటలు కనిపిస్తాయి. గ్లయోమా రకం (మెదడు కణాల నుంచే పుట్టే) గడ్డలకు 2021 తర్వాత పేరు, గ్రేడ్ నిర్ణయించడంలో ఇలాంటి జన్యు పరీక్షలకు పెద్ద పాత్ర వచ్చింది. రిపోర్టులో ఇవి లేకపోతే "ఈ కేసుకు అవసరమా సార్?" అని అడగండి. ఐడీహెచ్ మార్పు ఉన్న గడ్డలు లేనివాటికన్నా మెల్లగా సాగుతాయి. ఎంజీఎంటీ పరీక్ష కీమో గోళీ ఎంత బాగా పనిచేయొచ్చో చెబుతుంది.

9. రేడియేషన్, కీమో గోళీలు

గ్లయోబ్లాస్టోమాకు (గ్రేడ్ 4 గ్లయోమా రకం) మామూలుగా 30 సిట్టింగులు, వారానికి ఐదు చొప్పున ఆరు వారాలు పడుతుంది. వయసు పైబడినవాళ్ళకు, బలహీనంగా ఉన్నవాళ్ళకు తక్కువ సిట్టింగుల పద్ధతి కూడా ఉంది, అడగండి. ఒక్కో సిట్టింగు కొద్ది నిమిషాల పనే, నొప్పి ఉండదు, కరెంటు షాక్ కాదు. మొదటి రోజు మొహానికి వేడి ప్లాస్టిక్ వల వేసి అచ్చు తీస్తారు, ప్రతి సిట్టింగుకూ అదే మాస్కు. స్టెరాయిడ్ వల్ల మొహం ఉబ్బి మాస్కు బిగుతుగా ఉంటే టెక్నీషియన్‌కు చెప్పండి, ఓర్చుకోకండి. కిరణాలు తగిలేచోట జుట్టు రాలుతుంది. అక్కడ నూనె, పసుపు, జండూబామ్ రాయొద్దు.

రేడియేషన్‌తోపాటు ఇచ్చే టెమొజొలొమైడ్ అనే కీమో గోళీలు ఖాళీ కడుపుతో వేయాలి. వాంతి మందు వేసుకున్న అరగంట గంటకు ఇవి. గొట్టం (క్యాప్సూల్) విప్పి లోపలి పొడి దేంట్లోనూ కలపకూడదు, గోళీని చేత్తో పట్టుకున్నవాళ్ళు చెయ్యి కడుక్కోవాలి, గర్భిణులు ముట్టుకోవద్దు. ఆ ఆరు వారాలూ వారం వారం రక్త పరీక్ష చేయించాలి. ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు పడిపోతే డాక్టర్ గోళీ ఆపుతారు. 100.4 డిగ్రీల జ్వరం వస్తే పారాసిటమాల్ వేసి పడుకోబెట్టకండి, ఆస్పత్రికి తీసుకెళ్ళండి. చిగుళ్ళ నుంచి రక్తం వచ్చినా అంతే. రేడియేషన్ అయ్యాక నెలకు ఐదు రోజుల చొప్పున ఆరు నెలలు ఇదే గోళీ సాగుతుంది. అప్పుడు డోసు ఎక్కువ ఉంటుంది. పాత స్ట్రిప్పు చూసి పాత లెక్కన వేయకండి.

10. వైద్యం పనిచేస్తుందో లేదో ఎలా తెలుస్తుంది

ఇంట్లో వారానికోసారి, ఒకే రోజున, ఇవి చేయించి నోట్‌బుక్‌లో రాయండి: తన పేరు, ఊరు, తేదీ చెప్పమనడం, ఒక వాక్యం రాయించడం, రెండు చేతులు ముందుకు చాపి పదిదాకా లెక్కపెట్టేలోపు ఏ చెయ్యైనా జారుతుందా చూడటం, గీత మీద పది అడుగులు నడిపించడం. వరుసగా రాసిన వాక్యాల్లో చేతిరాత చెడుతూ ఉంటే, మాటకన్నా ముందు అదే చెబుతుంది. ఆ పేజీలు డాక్టర్‌కు చూపించండి.

స్కాన్ రెండు మూడు నెలలకోసారి తీస్తారు. వీలైతే అదే సెంటర్లో తీయించి, పాత సీడీ వెంట ఇచ్చి పోల్చి రిపోర్టు రాయమనండి. రేడియేషన్ అయిన మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్‌లో గడ్డ పెరిగినట్టు కనిపించొచ్చు. కొన్నిసార్లు అది రేడియేషన్ తాకిడికి వచ్చిన వాపు. మనిషి బాగానే ఉంటే డాక్టర్ ఇంకో స్కాన్ దాకా ఆగమంటారు. ఆ ఒక్క రిపోర్టు చూసి వైద్యం మానేయకండి.

11. మనిషికి చెప్పాలా?

చెప్పాలనే నేనంటాను. రోజూ రేడియేషన్‌కు తీసుకెళ్తూ "ఏం లేదు బాపూ, నరాల బలహీనత" అంటే ఆయనకు తెలియకుండా ఉండదు. క్యాన్సర్ ఆస్పత్రి బోర్డు ఆయనకూ కనిపిస్తుంది. ఎంత తెలుసుకోవాలనుకుంటున్నాడో ముందు ఆయన్నే అడగండి, "డాక్టర్ చెప్పింది అంతా చెప్పాల్నా, మేం చూసుకోవాల్నా?" అని. ఆ జవాబు ప్రకారం నడుచుకోండి. గ్రేడ్ 4 గడ్డ పూర్తిగా నయమయ్యేది చాలా అరుదు. అన్ని వైద్యాలూ చేయించుకున్నవాళ్ళలోనూ సగటున ఏడాది నుంచి ఏడాదిన్నర అని డాక్టర్లు చెబుతారు. కొందరు దాన్ని దాటి ఏళ్ళు ఉంటారు. మెనింజియోమాలు, గ్రేడ్ 1 గడ్డలు ఉన్నవాళ్ళకు ఈ లెక్క వర్తించదు.

వైద్యం ఇక పనిచేయదని చెప్పినా చేయాల్సింది ఉంటుంది. నొప్పికి, వాంతులకు, ఫిట్స్‌కు మందులిచ్చే పాలియేటివ్ కేర్ విభాగం ఎంఎన్‌జేలో ఉంది, జిల్లాల్లో ప్రభుత్వ పాలియేటివ్ కేంద్రాలున్నాయి. మందు అలవాటవుతుందని భయపడి మార్ఫిన్ ఇవ్వకుండా నొప్పి భరించమనకండి.

మాట, జ్ఞాపకం బాగున్న రోజుల్లోనే ఆయన ఇష్టాలు అడిగి సంతకాల పనులు పూర్తిచేయండి: బ్యాంకు ఖాతా నామినీ, పట్టాదారు పాసుపుస్తకం వివరాలు, ఎల్ఐసీ, ఎవరి దగ్గర బాకీ ఉందో, ఎవరికి ఇవ్వాలో. 18 నుంచి 59 ఏళ్ళ రైతులకు రైతుబీమాలో 5 లక్షలు ఉంటాయి. అందులో నామినీ పేరు సరిగ్గా ఉందో, చనిపోయిన తల్లిదండ్రుల పేరే ఇంకా నడుస్తోందో మీ ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) దగ్గర చూపించుకోండి. ఆయన ముందే, ఆయనతోనే ఈ పని చేయించండి.